వెనుదిరగని ఇంటి వెనక్కి తిరిగిన ముద్ర

నేను ఒక ఇత్తడి ముద్రను. బొటనవేలంత ఉంటాను. కాగితం మీద మైనం కరిగించి పోసి నన్ను నొక్కితే, అది ఐర్లండులో ఓ'బ్రెకన్ ప్రభువుల మాట కింద లెక్క. ఇంత గొప్ప చెప్పుకున్నాక నా లోపం కూడా చెప్పాలి. ముద్ర మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిప్పి చెక్కాలి. అప్పుడే మైనంలో సరిగ్గా పడతాయి. నన్ను చెక్కినవాడు తిప్పడం మరిచిపోయాడు. నా మీద చెక్కిన ఆ ఇంటి నినాదం "వెనుదిరగం". నొక్కిన ప్రతిచోటా అది వెనక్కి తిరిగే పడింది.

చదువొచ్చిన ప్రభువులు చూసి సిగ్గుపడ్డారు కానీ నోరు మెదపలేదు. కొత్తది చేయిస్తే పాతది తప్పని ఒప్పుకోవాలి మరి. అయినా నాకంటే వాళ్లే ఎక్కువ తిరిగారు. పదహారువందల నలభైల్లో తిరుగుబాటుదారులతో ఒప్పందానికి నన్నే నొక్కారు. తర్వాత ఇంగ్లండు రాజుగారికిచ్చిన విధేయతాపత్రానికీ నన్నే నొక్కారు. ఆ రాజు తల నరికించిన పార్లమెంటుకు రాసుకున్న క్షమాపణకూ నన్నే. ఆ ఇంట్లో ఉన్నమాట చెప్పినదాన్ని నేనొక్కదాన్నే.

నలభై ఏళ్ల తర్వాత, ఇంగ్లండు సైన్యంతో జరిగిన చివరి యుద్ధంలో మావాళ్ల లిమరిక్ పట్నం లొంగిపోయింది. డొనోగ్ ప్రభువు ఓడిన సైన్యంతో ఫ్రాన్సుకు ఓడెక్కుతూ నన్ను భార్య ఓనోరా చేతిలో పెట్టాడు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. నన్ను తాళాల గుత్తికి కట్టుకుని, గుమాస్తా రాసిన ప్రతి కాగితానికీ తన చేత్తోనే నొక్కేది.

రెండేళ్లకు డొనోగ్ అక్కడి యుద్ధంలో పోయాడని కబురొచ్చింది. ఆ వెనకాలే ఆయన చిన్నాన్న కొడుకు టర్లో దస్తావేజు పట్టుకుని దిగాడు. అన్న ఓడెక్కేముందు భూములన్నీ తనకు రాసిచ్చాడట.

"పిల్లల్ని తీసుకుని పుట్టింటికి బయల్దేరు వదినా."

"ఇది ఆయన రాసిందేనా మరిదీ?"

"ముద్ర కనపడట్లేదూ? చదువు లేకపోతే లేకపోయింది, కళ్లున్నాయిగా!"

కళ్లున్నాయి. ఆవిడ ఆ ఎర్రటి మైనాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇది మాది కాదు" అంది.

తగువు కచేరీకెక్కింది. న్యాయాధికారి ఎదుటే ఓనోరా మైనం పోసి, టర్లో ముద్ర పక్కన నన్ను నొక్కింది.

"అమ్మా, మీదే తిరగబడిందే! ఆయనది చక్కగా ఉంది" అన్నాడాయన.

కచేరీ అంతా ఘొల్లుమంది. ఆ మైనంతోపాటు నేనూ కరిగిపోతే బాగుండుననిపించింది.

"మాది ఏనాడైనా చక్కగా పడిందేమో మీ పాత కాగితాల పెట్టెలోనే వెతికించండయ్యా" అంది ఓనోరా.

వెతికించారు. విధేయతాపత్రం, క్షమాపణ, అన్నీ తిరగబడే ఉన్నాయి. న్యాయాధికారి తలెత్తాడు.

"ఏమయ్యా టర్లో, మీ ఇంటి ముద్రను దిద్దింది నువ్వా?"

"ఎవరో ఒకరు దిద్దాల్సిందే కదండీ! నలుగురిలో ఎంత నామోషీ!" అనేసి నాలిక్కరుచుకున్నాడు పాపం. దొంగముద్ర చేయించగలిగాడు కానీ, చదువుకున్నవాడు కనుక తప్పును తప్పుగా చెక్కించడానికి మనసొప్పలేదు.

భూములు ఓనోరాకే నిలిచాయి. యాభై దాటాక ఆవిడ కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకుంది. మొదట చదివింది నన్నే. తర్వాత నన్ను నొక్కిన మైనం చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఇన్నాళ్లూ ఇది నీ సోకనుకున్నానే!"

తర్వాత మనవల్లో ఒకడు ఫ్రాన్సు రాజు కొలువులో చేరాడు, ఇంకొకడు ఆస్ట్రియా కొలువులో. ఒకే యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ ఇంట్లో మొదటిసారి ఎవరూ వెనుదిరగలేదు. దాంతో నన్ను నొక్కే చెయ్యి లేకుండా పోయింది.

ఇప్పుడు మ్యూజియంలో గాజుపెట్టెలో వెల్లకిలా పడుకున్నాను. పక్కనున్న ముద్రలన్నీ పద్ధతి ప్రకారం తిప్పి చెక్కినవి, చూసేవాళ్లకు చదవరావు. అందరూ నా దగ్గర ఆగి, "ఇదొక్కటే సరిగ్గా చెక్కారు" అని మెచ్చుకుని వెళ్తారు.

కాదని చూపిద్దామంటే, ఇక్కడ మైనం లేదు.