ముడి నిలవని ఇల్లు

మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో ఏ ముడీ నిలవడం లేదు.

పొద్దున పైడితల్లికి నొప్పులు ముదిరినప్పుడు మామ్మే అన్నీ విప్పించింది. కాన్పు సులువవుతుందని ఆ ఇంట్లో ఎప్పుడూ చేసేదే. దండెం తాడు, బియ్యం మూట, ఆడవాళ్ల జడలు, దూడ మెడలో పలుపు. ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు మళ్లీ కడదామంటే తాళ్లు ఒప్పుకోవడం లేదు. పైడితల్లి నెత్తురూ ఆగడం లేదు.

చెల్లెలు నీలవేణి కట్టిందే కడుతోంది. తాడు వేళ్ల సందున నీళ్లలా జారిపోతోంది. మంచం మీద అక్క తెల్లబడుతోంది. ముందు పెదాలు, తర్వాత చెవులు, ఆ తర్వాత చీర మీది పువ్వులు.

"నువ్వే గదా ఇప్పావు, నువ్వే కట్టు మామ్మా."

"ఇప్పడమే నేర్పింది మా యమ్మ. కట్టడం నేర్పీలోపు పోయింది."

నర్సు మార్తమ్మ వస్తుంది. సూది వేస్తుంది. నెత్తురు వినదు.

"కొయ్యక్కర్లేదు," అంటూ సన్నని రబ్బరు గొట్టం తీస్తుంది. దాని చివర బుడగ. "ఇది గర్భసంచిలో పెట్టి నీళ్లు నింపుతాను. లోపల్నించి అదిమి పడుతుంది. సీసా పట్టుకో పిల్లా."

బళ్లో ఏనాడూ చెయ్యెత్తని నీలవేణి సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంటుంది.

"ఇంకా పైకి."

ఇంటికప్పు పెంకులు జరిగి, సాగుతున్న చేతికి దారి ఇస్తాయి. సీసా ఎండలో మెరుస్తుంది. సీసాలో నీళ్లు మూడు వందల గీత దాటేసరికి నెత్తుటి ధార చుక్కలవుతుంది.

మార్తమ్మ గొట్టానికి దారం కడుతుంది. ఊడుతుంది. కుట్లు వేసే దారం తీస్తుంది. అదీ తిన్నగా సాగి నేల మీద పడుకుంటుంది. బుడగలోని నీళ్లు వెనక్కి వస్తున్నాయి. చుక్కలు మళ్లీ ధారవుతున్నాయి.

నీలవేణి గొట్టాన్ని మడిచి రెండు వేళ్లతో నొక్కిపడుతుంది. మార్తమ్మ తగ్గినంత నీళ్లు మళ్లీ ఎక్కిస్తుంది.

"ఇది ముడేనా మేడం?"

"వదలకపోతే ముడే."

అంబులెన్సు వస్తుంది.

"పేషెంటుతో ఒక్కరే," అంటాడు డ్రైవరు. "నర్సమ్మ ఎక్కాల. ఆ చెయ్యొస్తే రానీండి, మనిషి మాత్రం దిగిపోవాల."

నీలవేణి దిగుతుంది. పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంటుంది. బండి కదులుతుంది. ఆమె కుడిచెయ్యి దాని వెంట వీధి మలుపు తిరిగి, చెరకు తోటలు దాటి, వంతెన ఎక్కుతుంది.

వేలికొసల దగ్గర అక్క నాడి ఒకసారి కొట్టుకుంటుంది. చాలాసేపటికి ఇంకోసారి.

రెండు ఊళ్ల అవతల ఎవరో ఆడవాళ్లు దండెం అనుకుని ఆ చేతి మీద తడి చీరలు ఆరేస్తున్నారు. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ తెల్లవే. చెయ్యి మోచేతి దగ్గర కుంగుతోంది. నీలవేణి పళ్లు బిగిస్తుంది, వేళ్లు విప్పదు. ఇంకో చీర పడుతుంది.