రబ్బరు గాజుల మేడం

“నువ్వు ఆఫీసులో చేసేదేముంది, రబ్బరు గాజులు ఏరడమేగా” అన్నాడు మా ఆయన. నేనప్పుడు బాత్‌రూము జాలీ ఎత్తి, తూములోంచి మూరెడు వెంట్రుకల ఉండ లాగుతున్నాను. సబ్బు జిగురు, ఆయన గడ్డం తుక్కు కలిసి చచ్చిన ఎలుకపిల్లలా ఉంది. ఆయన గుమ్మం అవతల ముక్కు మూసుకుని నిలబడి, తొందరగా కానియ్యమంటున్నాడు. స్నానానికి ఆలస్యమవుతోందట. హాల్లోంచి మా అత్తగారు, “చేతికి తొడుగులు కొనిపెట్టరా, ఇంజినీరమ్మ కదా” అని నవ్వారు. నేను ఆ ఉండని చెత్తబుట్టలో పడేశాను.

మాది రసాయనాల ఫ్యాక్టరీలకి పంపులు తయారుచేసే కంపెనీ. పంపులో రెండు ఇనుప భాగాలు కలిసేచోట ద్రవం బయటికి కారకుండా గుండ్రటి రబ్బరు రింగు వేస్తారు. ఓ-రింగు అంటారు దాన్ని. చూడ్డానికి అన్నీ ఒకేలా నల్లగా, పసిపిల్లల గాజుల్లా ఉంటాయి. కానీ నూనెలో ఏళ్ళతరబడి ఉండే రకం ఆవిరి తగిలితే పగుళ్ళిస్తుంది. ఆవిరిని తట్టుకునేది నూనె తగిలితే ఉబ్బుతుంది. ఏ ద్రవం, ఎంత వేడి, ఎంత ఒత్తిడి అని చూసి ఏ పంపుకి ఏ రబ్బరో చెప్పడం నా పని. పదకొండేళ్ళుగా అదే చేస్తున్నాను. పుస్తకంలో పట్టిక చూసి సరిపెట్టుకోను. సీసాలో ఆ ద్రవమే పోసి, రింగు ముక్క వేసి, వారం తర్వాత తీసి తూచి, కొలిచి రిజిస్టరులో రాస్తాను. అందుకు నా వెనకాల ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు రబ్బరు గాజుల మేడం. ఆ పేరు మా ఆయనకి తెలియడం నా తప్పే. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ నేనే చెప్పాను.

ఆమధ్య అసిటోన్ తోడే పంపులకి ఆర్డరు వచ్చింది. గోళ్ళరంగు తుడిచే ద్రవమే అది. కాకపోతే ఫ్యాక్టరీలో వేడిగా, ఒత్తిడితో పరుగెడుతుంది, ఇట్టే అంటుకుంటుంది. ఫ్లోరో రబ్బరు ఆమ్లాలనీ పెనం లాంటి వేడినీ తట్టుకుంటుంది గానీ అసిటోన్ దగ్గర పనికిరాదు. నా సీసాలో వారానికల్లా జలగలా ఉబ్బింది, గోరుతో నొక్కితే తెగింది. ఈపీడీఎం అనే రకం చెక్కుచెదరలేదు. అదే వెయ్యాలని రాసిచ్చాను. ఉత్పత్తి విభాగం మేనేజరుని మేం పెద్దసారు అంటాం. ఆయన స్కూటరు తాళంతో చెవి గుబిలి తీసుకుంటూ నా కాగితం చదివారు. తాళం కొసకి ఏమొచ్చిందో చూసుకుని, ఆ కాగితానికే తుడిచారు.

“స్టోర్లో ఫ్లోరో బోలెడు పడుంది. ఉన్నవాటిల్లో ఖరీదైనదాన్ని వద్దంటారేంటి మేడం? చీరలు కూడా ఇలాగే ఎంచుతారా?”

గదిలో మగాళ్ళంతా నవ్వారు. “సర్లెండి, టీ సంగతి చూడండి” అన్నారాయన. నేను వెళ్ళి టీ సంగతి చూశాను. తిరిగొచ్చేసరికి నా కాగితం మీద ఈపీడీఎం కొట్టేసి, ఫ్లోరో అని రాసుంది. ఎప్పటిలా దానికో జిరాక్సు తీసి రిజిస్టరులో పెట్టుకున్నాను.

ఐదు వారాలకి ఆర్డరిచ్చిన ఫ్యాక్టరీలో ఒక పంపు కారడం మొదలుపెట్టింది. మా కంపెనీ ఫిట్టరు వెళ్ళాడు. అందరూ పెద్దన్న అంటారు అతన్ని. పంపు ఆపించి, బోల్టు మీద స్పానరు పెట్టాడో లేదో, ఉబ్బిన రింగు తెగి వేడి అసిటోన్ అతని మొహాన చిమ్మింది. ఎడమ కన్ను సంగతి నెల దాటితేగానీ చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ రింగు పాలిథిన్ కవరులో నా బల్ల మీదికొచ్చింది. మెత్తగా, జిగురుగా, చీము పట్టిన పుండులా ఉంది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా వాసన వదల్లేదు.

పెద్దసారు నన్ను పిలిచి కొత్త కాగితం ముందుకి తోశారు. పాత తేదీ. ఫ్లోరో రబ్బరు ఎంపిక చేసింది నేనని ఉంది. పంపు పూర్తిగా ఖాళీ చెయ్యకుండా విప్పింది ఫిట్టరని ఉంది.

“సంతకం పెట్టెయ్యండి మేడం. ఆడవాళ్ళు పొరపాటు చేశారంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక మెమో, అంతే. నా మీదికొస్తే మొత్తం డిపార్టుమెంటు పోతుంది.”

ఆలోచించుకుంటానన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆయన సోఫాలో కాళ్ళు బారజాపి గోళ్ళు తీసుకుంటున్నాడు. ఒకటి ఎగిరి భోజనాల బల్ల మీద పడింది.

“మీ సారు ఫోన్ చేశారు. ఎంత మర్యాదస్తుడో! నువ్వేదో మొండికేస్తున్నావట. నేను చెప్తాలెండి, పెడుతుంది అన్నాను.”

“ఏం పెడతానన్నారు?”

“సంతకమే. దానికి మొహం అలా పెడతావెందుకు?”

“నీ ఉద్యోగం ఉంటే చాలు కదమ్మా, ఎవరి కన్ను ఏమైతే మనకెందుకు” అన్నారు అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇద్దరు మగాళ్ళు నా సంతకం గురించి మాట్లాడుకుని, ఒప్పేసుకుని, బహుశా థాంక్స్ కూడా చెప్పుకుని ఫోన్లు పెట్టేశారు. నాకు కోపం రాలేదు. అసహ్యమేసింది. బల్ల మీది ఆ గోటిని ఎప్పటిలా తియ్యబోయిన నా చెయ్యి చూసుకుంటే ఇంకా అసహ్యమేసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వంటింట్లోకి కాదు, ఆస్పత్రికి వెళ్ళాను.

పెద్దన్న కంటికి గుడ్డ కట్టుంది. నా గొంతు విని లేచి కూర్చోబోయాడు. “ఆ రింగు నేను వద్దన్నాను పెద్దన్నా” అన్నాను.

“తెలుసు మేడం. స్టోర్లో అందరికీ తెలుసు” అన్నాడు. దిండుకి చేరబడుతూ, “నాకు ఒక్క మాట చెప్పుండాల్సింది. ముందే వాల్వులు మూయించి దూరంగా నిలబడేవాణ్ణి” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను కోసేసింది. వాళ్ళావిడ నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. కాగితం మీద రాసి నా పని అయిపోయిందనుకున్నాను. కొట్టేసింది చూసి కూడా ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని ఇన్నేళ్ళూ ఓర్పు అనుకున్నాను.

మూడోరోజు విచారణకి పంపులు కొన్న ఫ్యాక్టరీ నుంచి భద్రతాధికారి వచ్చింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. “మేడం తన పొరపాటు ఒప్పుకున్నారు” అని పెద్దసారు మొదలుపెట్టారు.

“ఒప్పుకోలేదు” అన్నాను. రిజిస్టరు ఆవిడ ముందు పెట్టాను. వారం వారం బరువులు, కొలతలు, కొట్టేసిన నా కాగితం జిరాక్సు. అంతా అయ్యాక, “నా పొరపాటు ఒకటుంది, రాసుకోండి. మార్చారని తెలిసీ ఫిట్టరుకి చెప్పలేదు” అన్నాను. పెద్దసారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నావైపు చూశారు. టీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఫిట్టరు తప్పు లేదని తేలింది. కన్ను సగం చూపుతో మిగిలింది. పెద్దసారుని ఇంకో శాఖకి పంపారు, పూలదండ వేసి మరీ. ఫిట్టరుకి చెప్పనందుకు నాకు మెమో ఇచ్చారు. “ఏం సాధించావు? ఆయనకి నేనిప్పుడు ఏ మొహం చూపించాలి?” అన్నాడు మా ఆయన. ఏ మొహమో ఆయనే వెతుక్కోవాలి. నేను వెతకబోలేదు.

మెమో తీసుకోవడానికి ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్ళినప్పుడు నా ఫైలు కూడా తియ్యమన్నాను. మొదటి పేజీలో, అవసరానికి ఫోన్ చెయ్యవలసిన నంబరు అన్నచోట మా ఆయనది ఉంది. పెద్దసారుకి అది దొరికింది ఇక్కడే. పెన్ను తీసుకుని అడ్డంగా కొట్టేశాను.

“మరి ఎవరిది రాయమంటారు మేడం?”

“నాదే.”

గుమాస్తా తల గోక్కున్నాడు. “మీకేదైనా అయితే మీకే ఎలా చేస్తామండీ?”

“నాకేదైనా అయితే ఎవరికో ఒకరికి చెయ్యండి,” అన్నాను, “నా సంతకం కావలసొస్తే మాత్రం నాకే చెయ్యండి.”