లేని ముల్లు

రొయ్య మీసం మొదట్లో ఉండే పలుచని పలకను గాజుబిళ్ళ మీద పరిచి, రెండు చుక్కల గ్లిజరిన్ వేసి, మైక్రోస్కోపు కింద పెట్టేసరికి పదిన్నరయింది. బొమ్మలాయన కుడి కన్ను గొట్టానికి ఆనించాడు. గొట్టం పక్కన బిగించిన చిన్న అద్దం పుణ్యాన లోపలున్న వస్తువు రూపం పక్కనున్న తెల్లకాగితం మీద పడినట్టు కనిపిస్తుంది. కనిపించిన అంచు వెంబడి పెన్సిల్ నడపాలి. చెప్పుకోవడానికి పని అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే.

తలుపు మీద ‘క్రస్టేషియా విభాగం’ అని రాసి ఉంటుంది. లోపల నాలుగు గోడలకీ నేల నుంచి కప్పు దాకా అలమరాలు, అలమరాల నిండా స్పిరిట్ సీసాలు, సీసాల్లో పీతలు, రొయ్యలు. రాతికి తల అంటించుకుని కూర్చుని, కాళ్ళతో తిండి నోట్లోకి లాక్కుంటూ బతుకు వెళ్ళదీసే ఒక ప్రాణి కూడా ఆ సీసాల్లో ఉంది. అది పీతలకు చుట్టమే. కుర్చీ వదలని పై అధికారులకు కూడా దూరపు చుట్టమవుతుందని బొమ్మలాయన అప్పుడప్పుడూ అనేవాడు. జీతాల పుస్తకంలో ఆయనకూ ఒక పేరుంది. దాంతో ఆయన్ని పిలిచినవాళ్ళు మాత్రం ఆ భవనంలో లేరు. ఆయన చొక్కాలకు పట్టిన స్పిరిట్ వాసన ఎంత ఉతికినా పోయేది కాదు. భార్య వాటిని విడిగా నానబెట్టేది.

కొత్తగా చేరినవాళ్ళని ఏడిపించడం ఆయనకు సరదా. పీతకు ఎన్ని కాళ్ళని అడిగేవాడు. పది అనేవాళ్ళు. వెల్లకిలా తిప్పి చూడమనేవాడు. పొట్ట కింద మడిచి దాచుకున్న చిన్న పలక ఉంటుంది. ఆడదానికి వెడల్పుగా, మగదానికి సన్నగా. మగపీత పలకను విప్పితే లోపల అగ్గిపుల్లలో సగం కూడా లేని రెండు జతల పుల్లలు కనబడతాయి. అవీ కాళ్ళే, నడవడానికి పనికిరావు, అంతే తేడా. పైనుంచి చూస్తే కవలల్లా ఉన్న రెండు పీతలు ఒక జాతివో వేర్వేరు జాతులవో తేల్చేది ఆ పుల్ల కొస. దాని మీద ముళ్ళెన్ని, అవి ఎటు వంగాయి అన్నదాని మీద పెద్దపెద్ద చదువుల వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. అందుకే ఆయన పెన్సిల్ వెంట్రుకవాసి పక్కకి పోవడానికి లేదు.

రొయ్య పలక బయటి అంచు అయింది, కొస దగ్గరి ముల్లు అయింది, లోపలి అంచు వెంట్రుకలు వేస్తున్నాడు. మధ్యలో లోపలికి వంగిన చిన్న ముల్లొకటి కనిపించింది. వేశాడు. వేశాక చెయ్యి ఆగిపోయింది.

ఏ రొయ్యకూ అక్కడ ముల్లుండదు. పైగా ఆ ముల్లు ఆయనకు బాగా ఎరుక. ఆ వంపు, ఆ మొన, మొదట్లో ఆ చిన్న ఉబ్బు. రెండు నెలల కిందట ఒక పీత పుల్ల కొసన ఆయన చేత్తో ఆయనే వేసిన ముల్లు అది. పీతది రొయ్యకెలా వస్తుంది?

గాజుబిళ్ళను వేలితో కొంచెం జరిపాడు. రొయ్య పలక జరిగింది. ముల్లు జరగలేదు. గాజుబిళ్ళను పూర్తిగా తీసేశాడు. ఖాళీగా, తెల్లగా వెలుగుతున్న గుండ్రటి బయలులో ముల్లొక్కటే మిగిలింది. ఆయన చూపు ఎటు తిప్పితే అటు వచ్చింది.

బొమ్మలాయన గొట్టం నుంచి తల ఎత్తాడు.

మూడు నెలల కిందట కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. చక్కెర జబ్బు కంటి వెనకకు చేరిందనీ, ఎడమ కన్ను ఇక రాదనీ, కుడి కన్నులో నల్లమచ్చలు కనిపిస్తే వెంటనే రావాలనీ డాక్టరు చెప్పాడు. నల్లమచ్చలంటే మసి మరకల్లాగానో దోమల్లాగానో ఉంటాయనుకున్నాడు బొమ్మలాయన. ఇంత పొందికగా, కొలిచి గీసినట్టు ఉంటుందనుకోలేదు. మామూలు వెలుతుర్లో తెలిసేది కూడా కాదు. ఆ పీత తర్వాత ఈ రెండు నెలలూ పాత పెన్సిల్ బొమ్మలను సిరాతో దిద్దుతూ కూర్చున్నాడు, మైక్రోస్కోపు ముట్టుకోలేదు. కన్ను సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే పని పోతుంది. బొమ్మలు వేయలేని బొమ్మలాయనకు ఆ గదిలో చోటేముంటుంది?

పెట్టె తెరిచి ఆ పీత పుల్ల ఉన్న గాజుబిళ్ళను తీశాడు. మచ్చ పక్కకు తొలిగేలా మెల్లగా జరుపుతూ కొసను చూశాడు. నాలుగు ముళ్ళు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి కూడా నాలుగే. ప్రతి తీరంలోనూ ప్రతి వలలోనూ దొరికే మామూలు ఇసుక పీతకు ఉండేవి ఆ నాలుగే.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. ఎదురుగా మేడమ్ గది తలుపు సగం తెరిచి ఉంది.

మేడమ్ ఆ విభాగానికి ఇరవై రెండేళ్ళుగా పెద్ద. ఎవరైనా కొత్త జాతిని కనిపెట్టామని వస్తే, అలమరాలోంచి రెండు పాత సీసాలు దింపి, మీదీ ఇదీ ఒకటేనని నిమ్మళంగా చెప్పి పంపేది. అలా ఎన్ని పేర్లు కొట్టేసిందో లెక్కలేదు. తాను మాత్రం ఒక్క పేరూ పెట్టలేదు. రెండు నెలల కిందట చేపలవాళ్ళ వల చెత్తలో దొరికిన ఆ ఒక్క మగపీత బొమ్మ చూసి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. అయిదో ముల్లు, అంటే కొత్త జాతి. రాత్రనక పగలనక వ్యాసం రాసింది. వచ్చే నెల రిటైరు. ఈ సాయంత్రం టపాలో వ్యాసం పత్రికకు వెళ్ళాలి.

నోరు మెదపకుండా ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాడు. ఏమీ కాదు. ఆ పీత పొట్ట మడతను మళ్ళీ ఎవరు విప్పుతారు? విప్పేనాటికి ఆవిడా ఉండదు, తానూ ఉండడు. ఆ ఆలోచన ఆయనకు ఎంతో హాయిగా తోచింది, వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో లేనిది ఒక్కటి వేయలేదన్న గర్వం తప్ప ఆయన సంపాదించుకున్నది ఇంకేమీ లేదు.

మూడింటికి లేచి మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

ఆవిడ ఎన్నడూ లేనంత ఉషారుగా ఉంది. కూర్చోమంది. బల్ల మీద పీత సీసా, పక్కన అతికించడానికి సిద్ధంగా లావుపాటి కవరు. ఆయన నోరు తెరిచేలోపే సొరుగులోంచి చిన్న చీటీ తీసి చేతికిచ్చింది. స్పిరిట్‌లో వేసినా కరగని సిరాతో తానే రాశానని చెప్పింది. ఆయన చీటీని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. మొదటి మాట పీతల ఇంటిపేరు, తెలిసిందే. ఒకసారి తెలిశాక ఆ మచ్చ మామూలు వెలుతుర్లోనూ వదల్లేదు, రెండో మాటలో మధ్య అక్షరాలు దాని కింద పడి కనిపించలేదు. అటు రెండూ ఇటు రెండూ కనిపించాయి. అవి చాలు. జీతాల పుస్తకంలోని ఆయన పేరే, చివర శాస్త్రం వాళ్ళ తోక తగిలించి ఉంది.

“ఇన్నేళ్ళూ అందరి పేర్లూ కొట్టేశాను” అంది మేడమ్. “పెట్టింది ఇదొక్కటే. అది మీది.”

చీటీని తీసుకుని సీసాలో వేసి మూత బిగించింది. చీటీ స్పిరిట్‌లో మెల్లగా దిగి పీత పక్కన నిలిచింది. బొమ్మలాయన సీసా మీదికి వంగి చూశాడు. చచ్చిపోయాక కూడా పుస్తకాల్లో ఉండిపోయే పేరు. ఆ క్షణంలో ఆయనకు అది కావాలనిపించింది, చిన్నపిల్లాడికి కావాలనిపించినట్టు.

“మేడమ్, ఆ ముల్లు పీతది కాదు” అన్నాడు. “నా కంటిది.”

ఆవిడకు అర్థం కాలేదు. డాక్టరు దగ్గర్నుంచి మొదలుపెట్టి రొయ్య పలక దాకా అంతా చెప్పాడు. ఆవిడ లేచి, ఆయన గదిలోకి వెళ్ళి, ఆయన స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. ఆయన పక్కన నిలబడ్డాడు. బయట ఎవరో బకెట్టు జరుపుకుంటూ వరండా తుడుస్తున్నారు.

“నాలుగే” అంది చివరికి. కన్ను తీయకుండానే అంది, “అప్పుడు నేనూ చూశానండీ. అయిదు కనిపించాయి.”

ఆవిడ అప్పుడు తల ఎత్తింది.

“మీ బొమ్మ చూశాక చూశాను” అంది.

తన కన్నంటే చెడింది. ఆవిడ కళ్ళు బాగున్నవే. ఆ మాట ఎవరి మీద నింద అవుతుందో ఆయనకు తేలలేదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు. మీరు ఇవాళ చెప్పకపోతే నాకు తెలిసేది కాదని ఆవిడ అన్నప్పుడు అది మెచ్చుకోలో నిష్ఠూరమో కూడా తెలియలేదు. మేడమ్ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కవరు చింపిన చప్పుడు వినిపించింది.

బొమ్మలాయన పీత పుల్ల అసలు బొమ్మను బల్ల మీద పరుచుకున్నాడు. ముల్లు లేకపోతే ఆ బొమ్మతో ఎవరికీ పనిలేదు. అయినా దాన్ని అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. బ్లేడు తీసి, వేలితో చోటు చూసుకుని, ఎండిన సిరాను పొడిపొడిగా గీకాడు. ఊదాడు. ఇంతకాలం చేసిన పనుల్లో చూపు అక్కర్లేని పని అదొక్కటే. తర్వాత సెలవు చీటీ రాశాడు. వంకరగా వచ్చింది. ఎన్నాళ్ళు అన్నచోట ఏమీ వేయలేదు. ఇంటికి ఫోన్ చేసి, ఆఫీసు గేటు దాకా రాగలవా అని భార్యని అడిగాడు. ఎందుకని ఆవిడ అడగలేదు.

అయిదవకముందే వచ్చింది. మెట్ల కింద ఆయన చేతి సంచీ అందుకుని, ఆ చేతిని తన భుజం మీద వేసుకుంది. ఎవరో నేర్పినట్టు, ఎన్నాళ్ళనుంచో అలవాటున్నట్టు వేసుకుంది. ఆయన ఆగిపోయాడు.

“నీకెప్పుడు తెలిసింది?”

“మీరు చెప్పులకోసం కాలితో వెతుక్కోవడం మొదలెట్టినప్పుడు” అంది. “గ్లాసు, తువ్వాలు, చెప్పులు, అన్నీ ఒకచోటే పెడుతున్నాను కదా. మీరు కనుక్కుంటారనుకున్నాను.”

“అడగలేదేం?”

“మీరు దాచుకున్నదాన్ని నేనెట్లా బయటపెట్టనండీ?”

ఒకే ఇంట్లో ఇద్దరూ మూడు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే గుట్టును మోశారు. ఇక్కడ గుంట ఉంది అంది భార్య. ఆయన అడుగు పెద్దది వేశాడు. గేటు దాటి, రద్దీ రోడ్డు పక్కగా, ఇద్దరూ నెమ్మదిగా వెళ్ళిపోయారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ వారమూ రాలేదు. కుడి కన్ను నిలవదని డాక్టరు రాసిచ్చిన కాగితం, రాజీనామా కలిపి భార్య తెచ్చి ఇచ్చి వెళ్ళింది. స్టూలు ఇంకో గదికి పోయింది. మైక్రోస్కోపుకు గుడ్డ కప్పారు. రిటైరయ్యే రోజున మేడమ్ అన్నీ సర్దుకుని, చివరికి పీత సీసా మూత తీసి, సన్నటి పటకారుతో చీటీని పైకి లాగి, మామూలు ఇసుక పీతకు వేసే చీటీని లోపల వేసింది. సీసాను మిగతా ఇసుక పీతల వరసలో పెట్టి, గది తాళం ఇచ్చేసి వెళ్ళిపోయింది. పాత చీటీని పారేయలేదు, వెంట తీసుకుపోలేదు. అది ఖాళీ బల్ల మీద, సిరా అద్దే కాగితంపై ఆరుతూ ఉండిపోయింది, ఒక్క అక్షరమూ చెదరకుండా.