గుండీ బెజ్జంలోంచి పెట్టిన చుక్కలు

ఇలా దగ్గరికి జరుగు బంగారూ, మా అక్క సంగతి చెబుతాను. రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక బల్ల, ఒక స్కేలు, రెండు గీతలు, అంతే.

ఆ ఉదయం కూడా అక్క కాగితాన్ని నాలుగు మూలలా బల్లకు బిగించి, పెన్ను ములికిని గుడ్డపీలికతో తుడిచి, ఊపిరి బిగబట్టింది. లెక్కల ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లుగా ఆమెది అదే పని. మన దేశంలో పనిచేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి ఎందరో చెప్పేది ఒక గీత. బీద దేశాలన్నిటిలో అలాంటివాళ్లు ఎందరో చెప్పేది రెండో గీత. ఏటేటా రెండూ ఎంత పెరిగాయో పక్కపక్కన చూపాలి. అందుకే అందరూ ఆమెను గీతలక్క అనేవారు. వేళ్ల కణుపుల్లో సిరా ఇంకిపోయింది, కుడిభుజం వేలెడు కిందికి దిగింది. చెయ్యి మాత్రం ఏనాడూ వణకలేదు.

కొత్తలో ఆమెను ఇంటింటికీ కూడా పంపారు, లెక్క రాసుకు రమ్మని. మా వీధి ఆమెకే పడింది. అప్పుడు నా ఒళ్లో కంపెనీ చొక్కాల కుప్ప ఉంది, గుండీలు కుడుతున్నాను.

"పనేమైనా చేస్తున్నావా?" అని కాగితంలో ఉన్నట్టే అడిగింది.

"నాకేం పనక్కా, ఇంట్లోనేగా పడుంటాను" అన్నాను.

'పని లేదు' అని రాసుకుని వెళ్లింది. చొక్కాలు పక్కకు జరిపి కూర్చుని మరీ రాసుకుంది.

ఆ తప్పు ఆమెకు ముల్లై గుచ్చుకుంటూనే ఉంది. పైవాళ్లను అడిగి అడిగి, చివరికి ఆ ఏడాది ప్రశ్న మార్పించింది: 'నిన్న లేచిందగ్గర్నుంచి ఏమేం చేశారు?' అప్పుడు తేలారు, నాలాంటివాళ్లు లక్షలమంది. అక్క పాత గీతను కదపకుండా, దానిపైన మమ్మల్ని చుక్కలుగా పెట్టింది.

సాయంత్రానికి కాగితం అచ్చుకు పోవాలి. మధ్యాహ్నం పై అధికారి వచ్చాడు.

"ఈ చుక్కలేంటమ్మా? బీద దేశాల్లో వీళ్లనెవరూ లెక్కేయరు. ఒకణ్ణి నేలమీదా, ఇంకొకణ్ణి పీటమీదా నిలబెట్టి పొడుగు కొలిచినట్టుంది."

"నిజమే సార్. పోల్చేది పాత గీతతోనే, కింద రాశాను కూడా. చుక్కలు మాత్రం ఉండనీండి."

"మరి వాళ్ల గీత మీద ఖాళీ వదిలారేం?"

"అక్కడి ఆడవాళ్లను ఎవరూ అడగలేదు సార్. అడిగిన రోజు పెట్టుకోవడానికి చోటుండాలిగా."

"గీకెయ్యమంటే?"

"బ్లేడు ఇదుగో, మీరే గీకండి. నాకు ఆ పని రాదు."

ఆయన బ్లేడు తీసుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. "మొండిఘటం" అని గొణిగి, బ్లేడు పెట్టేసి సంతకం చేశాడు.

సాయంత్రం అక్క నేరుగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు విడిచి, కిటికీ పక్క కుర్చీలో కూలబడింది.

"నిన్నూ ఎక్కించానే లెక్కలోకి."

"ఎక్కడున్నానో?"

"చివర్నుంచి మూడో చుక్క అనుకో" అని నవ్వింది.

చేతిలో గుండీకి ముడేసి, దారం కొరికి తలెత్తేసరికి అక్క కుర్చీలోనే కన్నుమూసింది. నిద్రపోయినట్టే ఉంది.

ఇది మరిచిపోకు బంగారూ, నీ వెనక పుట్టినవాళ్లకూ చెప్పు. నమ్మకపోతే ఇది చూపించు. చుక్కలన్నీ ఒకే కొలతలో రావాలని నా డబ్బాలోంచి అక్క పట్టుకెళ్లింది, తర్వాత ఆమె సంచిలో దొరికింది. నాలుగు బెజ్జాల చొక్కా గుండీ, ఒక్క బెజ్జంలో మాత్రం నల్లగా సిరా.