అత్తగారి తనిఖీ

ఆ ఇంట్లో అత్తగారిని చాటుగా అందరూ ఇన్‌స్పెక్టరనే పిలిచేవారు. ఇంట్లో ప్రతి ప్లగ్గునూ, ప్రతి తీగనూ వేలి వెనకభాగంతో తాకి చూడనిదే ఆవిడకు ముద్ద దిగదు. ఆవిడ పెళ్లయిన కొత్తలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు కరిగి పరుపు అంటుకుందట. అప్పటి నుంచి ఫ్రిజ్జూ, మిక్సీ, ఆఖరికి చుట్టపుచూపుగా వచ్చిన అల్లుడి ఫోను ఛార్జరూ ఆవిడ చేతి కిందుగా పోవాల్సిందే.

ఈ చాదస్తం చూస్తే కోడలికి ఒళ్లు మండేది. ఆమెది బొమ్మలకు కదలిక తెచ్చే యానిమేషన్ పని. బిడ్డ పుట్టాక చేతిలో పనిలేక ఖాళీగా ఉన్న ఆమెకు ఇన్నాళ్లకు ఒక పిల్లల ఛానెల్‌లో అవకాశం దొరికింది. చెప్పిన రోజు సాయంత్రానికల్లా చిన్న బొమ్మల సినిమా అందిస్తే తర్వాతి పనులూ ఆమెకే ఇస్తామన్నారు. లేకపోతే మళ్లీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. పని చెడుతోందని భర్తను సతాయించి గది తలుపుకు లోపలి గడియ పెట్టించుకుంది. ఎవరి కోసమో పైకి చెప్పలేదు, తెలియనిదెవరికి?

ఈ పనికోసమే తమ్ముడు బొమ్మలను వేగంగా తయారుచేసే తన పాత గ్రాఫిక్స్ కార్డు ఇచ్చాడు. దానికి కరెంటు ప్లగ్గులు రెండు కావాలి, ఆమె కంప్యూటరుకు లోపల కరెంటు అందించే పవర్ సప్లైకి ఉన్నది ఒక్కటే. హార్డ్ డిస్కుకు పోయే తీగ ఒకటి ఖాళీగా కనిపిస్తే దానికి అడాప్టరు తగిలించి రెండోదాన్ని సాధించింది. కార్డు వెలిగింది. వెలిగితే చాలనుకుంది. కార్డు పొడుగెక్కువై కంప్యూటరు డబ్బాకు పక్క మూత పట్టలేదు కాబట్టి అడాప్టరు బయటికి వేలాడుతూనే ఉంది.

గడువు రోజు మధ్యాహ్నం కంప్యూటరు చివరి దృశ్యాన్ని తయారు చేస్తుండగా వంటింట్లోంచి బిడ్డ ఏడుపు వినిపించి, గడియ తీసి వెళ్లింది. బిడ్డను ఎత్తుకుని వచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గర వంగి, వేలాడుతున్న అడాప్టరును తాకి చూస్తున్నారు.

“ఇది కాలిపోతోందమ్మా. వెచ్చగా ఉండటం కాదు, చెయ్యి పెట్టలేకపోతున్నా. ఆపెయ్.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపితే పొద్దున్నుంచి చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆమె అత్తగారి వేలు చూసింది. కణుపు మీద చర్మం ఎర్రగా కమిలింది. వెంటనే స్విచ్చి ఆపేసింది.

చల్లారాక లాగితే అడాప్టరు ఊడి రాలేదు. ప్లాస్టిక్కు కరిగి ప్లగ్గుకు అతుక్కుపోయింది. దానికి జానెడు దూరంలో కిటికీ తెర, ఆ తెర పక్కనే బిడ్డ పడుకునే ఉయ్యాల. కోడలు గబగబా ఉయ్యాలను అవతలి గోడ వైపుకు జరిపింది.

ఆమె ఫోను చేస్తే కంప్యూటర్ల దుకాణం ఆయన మెత్తగానే చీవాట్లు పెట్టాడు. “అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గానీ తీగకు బలం పెంచదండీ. పిండికొద్దీ రొట్టె. కార్డుకు తగ్గ పవర్ సప్లై పెట్టి, దాంట్లోంచి రెండు తీగలు విడివిడిగా తెచ్చి తగిలించండి.”

ఆమె ఛానెల్ వాళ్లకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. విసుక్కున్నారు గానీ, ఒక రోజు గడువిచ్చారు. కొత్త పవర్ సప్లై తెచ్చి తనే బిగించుకుంది. దృశ్యం మళ్లీ మొదలైంది. కాసేపు పనిచేయనిచ్చి, హాల్లోకి వెళ్లి అత్తగారిని పిలిచింది.

“ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి అత్తయ్యా.”

ఆవిడ ఆశ్చర్యాన్ని దాచుకుంటూ వచ్చి, వేలికి కట్టు ఉంది గనక రెండో చేత్తో ఒక్కో తీగనూ తాకారు. బాగానే ఉందన్నట్టు తలూపారు.

“ఇవాళ నా బిడ్డ క్షేమంగా ఉందంటే అది మీ చేతి చలవే,” అంది కోడలు.

ఆవిడ ఆమె భుజం తట్టి, ఫ్రిజ్జు ప్లగ్గు చూడాలంటూ వెళ్లిపోయారు. స్క్రూడ్రైవరు ఇంకా బల్ల మీదే ఉంది. కోడలు దాన్ని తీసుకుని తలుపు గడియ మరలు ఒక్కొక్కటే విప్పేసింది.