సైన్సు బొంత

దారం మళ్ళీ తెగింది. ఆమె మిషను ఆపి, తెగిన కొసను నాలుకతో తడిపి, కళ్ళు చికిలించి సూది బెజ్జంలోకి తోసింది. పక్కకు పోయింది. మళ్ళీ తోసింది. మళ్ళీ పోయింది.

"నేనెక్కించనా?" అన్నాడు పక్కన కూర్చున్న భర్త.

"మీరెక్కిస్తే కుట్టినట్టే. ఆ బరువు పట్టుకోండి చాలు."

పైన బొమ్మల గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు. మూడూ కలిసి తడిసిన పరుపంత బరువు. అది బల్ల మీంచి కిందికి వేలాడితే గుడ్డ లాక్కుపోయి కుట్టు ముడతలు పడుతుంది. అందుకని ఆయన ఆమె ఎడమ పక్కన స్టూలు వేసుకుని, బొంతనంతా ఒళ్ళో పోగేసుకుని, ఆమె చేతులు కదిలినకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంటాడు. ఉద్యోగం అయిపోయిన దగ్గర్నుంచీ ఆయన పని అదే. దాంతోపాటు మాటలు కూడా వదులుతుంటాడు. ఆమె ప్రాణం విసిగేది అక్కడే.

ఆ బొంత బడివాళ్ళది. సైన్సు టీచరమ్మ ఉద్యోగ విరమణకు కానుకగా ఇవ్వాలని పిల్లలు తలా ఒక బొమ్మ గీశారు. వాటిని రంగుగుడ్డల్లో కత్తిరించి, అతికి, బొంతగా కుట్టే పని ఆమెకొచ్చింది. గ్రహాలు, అయస్కాంతం, మెరుపు, కప్ప ఎముకలు. ఎవడో గీసిన సూక్ష్మదర్శిని అచ్చం నీళ్ళ కుళాయిలా ఉంది. ఆమె దాన్ని అలాగే కుట్టింది. సాయంత్రం వచ్చి పట్టుకెళతామన్నారు. ఇంకా సగం మిగిలే ఉంది.

ఆయన బతుకంతా ఆ బడి సైన్సు గదిలోనే గడిచింది. పాఠాలు చెబుతూ కాదు, గాజు గొట్టాలు కడుగుతూ. వీధిలో ఎవరో వెక్కిరింపుగా 'సైంటిస్టు' అన్నారు. అనగా అనగా అదే పేరైపోయింది. ఆమె 'మిషనమ్మ'. చిన్నప్పుడు పిన్ని దగ్గర దిండు గలేబులతో మొదలుపెట్టి, వంగి వంగి, కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఇప్పుడు రవికె కుట్టుకున్నా ఒక వైపు జారుతుంది. మెడ తిప్పితే కటుక్కుమంటుంది కాబట్టి, మాట్లాడేటప్పుడు కూడా ఆమె మొహం సూది వైపే ఉంటుంది.

"శని చుట్టూ ఉన్న ఆ వలయం కాస్త పక్కకు ఒరిగిందేమో చూడవే," అన్నాడు.

"శని సంగతి నాకు చెప్పకండి. పెళ్ళయినప్పట్నుంచీ నెత్తిమీదే ఉంది."

ఆయన నవ్వాడు. ఆయనకు కోపం రాదు. అది కూడా ఆమెకు విసుగే. ఎంతన్నా తిరిగి అనని మనిషితో పోట్లాట ఒంటి చేత్తో చప్పట్లు కొట్టడమే.

"ఇన్ని బొమ్మలున్నాయి, బ్రష్షు లేదు."

"ఏం బ్రష్షు?"

"గొట్టాలు కడిగేది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొసన కుచ్చులా..."

"బ్రష్షు సైన్సా? అలా అయితే మన అంట్ల పీచు కూడా అతికిద్దాం."

"అది కాదే..."

"ఏది కాదు? పొద్దున్నుంచీ దారం తెగుతోంది, నడుం విరుగుతోంది, మధ్యలో మీ బ్రష్షొకటి! పిల్లలు గియ్యలేదు, నేను కుట్టను. అయిపోయింది."

అయిపోలేదు. భోజనం దగ్గర మళ్ళీ ఎత్తాడు. చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ ఎత్తాడు. చందమామ కింద ఒక మూల ఖాళీగా ఉందని, అక్కడ ఎలాగూ ఏదో ఒక గీత కుట్టాలి కదా అని వేలితో చూపించాడు. ఆయన నోరు మూయించడానికి ఆమెకు మరో దారి కనబడలేదు. పళ్ళు బిగించి, బొంతను అటూ ఇటూ తిప్పుతూ, నీలం గుడ్డ మీద తెల్లదారంతో గబగబా ఒక బ్రష్షు ఆకారం కుట్టేసింది.

ఆయన ముందుకు వంగి చూశాడు. కుట్టు మీద బొటనవేలితో రాశాడు. చాలాసేపు చూశాడు.

"కాడ కాస్త వంకర పోయింది."

"ఇంకొక్క మాట మాట్లాడారంటే బొంతా మిషనూ వీధిలో పారేస్తాను!"

ఆయన గోడకు జారగిలబడి మాట్లాడటం మానేశాడు.

పని సాగింది. దారం తెగలేదు. ఆమె చుక్కల మధ్య సుడులు కుట్టుకుంటూ పోయింది. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ సుఖం పొద్దున్నే దొరికుంటే ఈపాటికి అయిపోయేది కదా అనుకుంది.

ఉన్నట్టుండి గుడ్డ ఎడమకు లాగింది. కుట్టు ముడుచుకుపోయింది.

"వదలండీ! పట్టుకోమంటే పట్టుకోరు, వదలమంటే వదలరు. నిద్రపోయారా?"

ఆమె విసురుగా గుడ్డను తనవైపు గుంజింది. గుడ్డతోపాటు ఆయన చెయ్యి కూడా వచ్చి బల్ల అంచున పడింది.

ఆమె తల తిప్పి చూసింది. మెడ కటుక్కుమంది. ఆయన తల గోడకు ఆని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో అనబోయినట్టు.

ఆమె కేకకు పక్క కొట్టు తాళాలాయన పరిగెత్తుకొచ్చాడు. డాక్టరును తీసుకొచ్చిందీ అతనే. డాక్టరు నాడి చూసి, కనురెప్పలెత్తి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఎంతసేపైందమ్మా?"

ఆమె బొంత మీద వేలు పెట్టింది. "ఇక్కడ కుట్టేటప్పుడు మాట్లాడారు," అంది. వేలు బ్రష్షు దగ్గర్నుంచి కదిలి సుడుల వెంట వెళ్ళి, చుక్కల మధ్య ఎక్కడో ఆగిపోయింది. "ఆ తరవాత... తెలీదండీ." భర్త వైపు తిరిగింది. "పొద్దున్నుంచీ వాగుతూనే ఉన్నారే! ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

తాళాలాయన తల దించుకున్నాడు.

సాయంత్రం బడివాళ్ళు వచ్చి, గడప దగ్గరే నిలబడి, తొందరేం లేదమ్మా అని వెళ్ళిపోయారు. కర్మలు అయ్యాక ఆమె ముడుచుకున్న కుట్టంతా విప్పి, స్టూలు మీద దిండ్లు పేర్చి వాటిమీద బరువు మోపి, మిగతాది పూర్తిచేసి ఇచ్చేసింది. దిండ్లు మాట్లాడవు. అయినా దారం తెగుతూనే ఉంది.

ఇల్లు సర్దిపెట్టడానికి వచ్చిన ఆడపడుచు ఆ రోజు ఒంటిమీంచి తీసి మూలన పడేసిన అన్నగారి చొక్కా దులపబోయి, వేలికేదో గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుంది.

"ఇదేంటి వదినా?"

కుట్టేముందు పొరలు కదలకుండా ఆమె బొంతనిండా పిన్నీసులు పెడుతుంది. సూది దగ్గరికి వచ్చేసరికి అవి ఉండవు. ఎవరు తీస్తున్నారో, ఎక్కడ పెడుతున్నారో ఆమె ఏనాడూ అడగలేదు. ఆడపడుచు చొక్కాను తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. కాలరు నుంచి జేబు దాకా పిన్నీసులు వరసగా ఉన్నాయి. అన్నీ మూసే ఉన్నాయి, చివరిదొక్కటి తప్ప.