మొగలి చాప మీద ఇంజినాయిలు

దారి పొడుగునా తెలేసియా అత్త ఆ చాప కథే చెప్పింది. టోంగాలో శుభానికీ చావుకీ బట్టలమీద నడుముకు చాప చుట్టుకుంటారు. ఆవిడ నాయనమ్మ పెళ్లినాడు చుట్టుకున్న మొగలి చాప అది. ఆ తర్వాత ఇంట్లో ఏ శుభమైనా, ఏ చావైనా అది లేకుండా జరగలేదు. ఇప్పుడు అంచులు ఊడి, ఆకు పలచబడి, ఎక్కడికక్కడ చివికిపోయింది. అంత చివికింది గనకే ఊళ్లో దాన్ని మించిన చాప లేదు. పక్క ఊరి చుట్టాలు చావుకని ఎరువు తీసుకుంటే, శనివారం పొద్దున్నే అత్తా మేనల్లుడూ కార్లో వెళ్లి వెనక్కి తెచ్చుకుంటున్నారు. మర్నాడు చర్చిలో కొత్త పాస్టరు మొదటి ప్రార్థన. అత్త ఆ చాప చుట్టుకుని వస్తుందని ఊరంతటికీ తెలుసు.

"వింటున్నావట్రా?"

"ఆఁ, వింటున్నా అత్తయ్యా," అన్నాడు లొపేటి.

ఎక్కడి వినడం! అతని చెవులూ ముక్కూ కూడా బానెట్ కిందే ఉన్నాయి. చుట్టాలు చాప తెచ్చి వెనక సీట్లో పెట్టినప్పుడూ అంతే. పాత కారు, ఎక్కడో ఆయిలు కారి వేడి గొట్టం మీద పడి మాడు కంపు కొడుతోంది. లొపేటి ఆక్లాండ్‌లో పుట్టి పెరిగాడు. తండ్రి పోయాక టోంగా వచ్చి, మేనత్త ఇంట ఉంటున్నాడు. ఆ ఊళ్లో మేనత్త అంటే తండ్రికంటే పెద్ద. ఆవిడ మాటకు ఎదురు చెప్పడమన్నది లేదు. ఆ సంగతి లొపేటికి తెలియకపోలేదు, పుస్తకంలో చదివినవాడికి ఈత తెలిసినంత తెలుసు.

ఇల్లు చేరేసరికి వాన పట్టుకుంది. "చాప తడిస్తే పాడైపోతుంది, కార్లోనే ఉండనీ. వాన వెలిశాక నేనే తీసుకుంటా," అని అత్త లోపలికి పరుగెత్తింది. లొపేటి దానికీ ఊఁ అన్నాడు.

రేపు ఆదివారం, ఎవరూ పనిముట్టు ముట్టరు. ఏం చేసినా ఇవాళే. మెకానిక్ దగ్గరికి వెళ్లమని అత్త ఎప్పుడో చెప్పింది గానీ, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పానాలు కొనుక్కున్నప్పటినుంచి అయ్యగారికి ప్రతి బోల్టూ తనకోసమే పుట్టినట్టుంది. కారును రేకుల పందిరి కిందికి తోశాడు. కింద నేలంతా బురద. పడుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెనక సీటు వెతికితే పాత దుప్పట్లో చుట్టిన చింకి చాప కనబడింది. దుప్పటిని చింపి తుడుపు గుడ్డలు చేశాడు. చాపను కారు కింద పరిచి దానిమీద వెల్లకిలా పడుకున్నాడు.

పని మాత్రం బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. ఇంజినంతా శుభ్రంగా తుడిచి, పౌడరు చల్లి, కాసేపు నడిపి చూశాడు. తెల్లటి పౌడరులో నల్లటి దారి పడింది. కారేది కింద కాదు, ఇంజిన్ నెత్తిమీది మూత మూలలోంచి. మూత విప్పితే దాని కింద ఆయిలు కారకుండా వేసే పాత గ్యాస్కెట్ పట్టీ అప్పడంలా విరిగింది. ముందే కొనిపెట్టుకున్న కొత్తది కూర్చి, బోల్టులు అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాడు. మళ్లీ నడిపితే చుక్క కారలేదు. ఈల వేసుకుంటూ చేతులు చాప అంచుకు తుడుచుకున్నాడు.

వాన వెలిసింది. అత్త వచ్చి కారు తలుపు తీసి చూసింది. తర్వాత కిందికి చూసింది.

బురదలోనే కూలబడి చాపను ఒళ్లోకి లాక్కుంది. నడిమధ్య మనిషి వీపంత నల్లటి మరక.

"పాతది కదా అని..." అన్నాడు లొపేటి.

"పాతది కాబట్టేరా."

దారిలో ఆవిడ చెప్పిన మాటలన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఊఁ కొట్టిన ప్రతిచోటా తల కొట్టేసినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సాయంత్రం దాకా సబ్బుతో, పిండితో తంటాలు పడ్డాడు. మరక కాస్త వెలిసింది, ఇంకాస్త పాకింది. రాత్రి అన్నం ముందు కూర్చుని తలెత్తలేకపోయాడు. అత్త మాత్రం రోజూలాగే రెండోసారి వడ్డించింది. ఆ వడ్డనకు అతనికి ఇంకా సిగ్గేసింది.

ఆదివారం పొద్దున అత్త ఆ చాపే చుట్టుకుని కారెక్కింది.

"ఇంకో చాప కట్టుకోండత్తయ్యా."

"మరి ఆ పాతదేదని అందరూ అడగరూ?"

"అయితే నేనే చేశానని అందరి ముందూ చెప్పేస్తాను."

"నోర్మూసుకుని కారు నడుపు. నిన్నెవరూ ఏమీ అనరు. బయట పెరిగినవాడు, వాడికేం తెలుసంటారు. అనేది నా తమ్ముణ్ణి. కన్నాడు గానీ నేర్పలేదంటారు. మట్టిలో ఉన్నవాడు లేచొచ్చి జవాబు చెప్పుకుంటాడా?"

లొపేటి కారు స్టార్ట్ చేశాడు.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు చుట్టుముట్టారు. అందరికంటే ముందు లూపే, చాపలు నేసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. "అయ్యయ్యో తెలేసియా! ఏమైందే?"

"ఏముంది, నేనే. దీపంలో నూనె పోస్తూ ఒలకబోసుకున్నా. చేతులు వణుకుతున్నాయమ్మా, ముసలిదాన్నైపోయా."

"నూనెకు నీ నడుమే దొరికిందా! మొగుడు బతికుంటే దీపంతోపాటు నిన్నూ ఆర్పేసేవాడు!" అంది ఎవరో. అందరూ పకపకా నవ్వారు, అత్త కూడా నవ్వింది. నవ్వు తగ్గాక లూపే గొంతు తగ్గించింది.

"కొత్త పాస్టరుగారికి మనం నేసిచ్చే చాపకు అంచు ఈసారి మా కోడలు కడుతుందిలే. వణికే చేతులతో నీకెందుకు శ్రమ?"

ఆ చర్చికి వచ్చిన ప్రతి పాస్టరు చాపకూ అంచు కట్టింది తెలేసియా చేతులే. అది అడిగి పుచ్చుకునే గౌరవం కాదు. ఒకసారి పోతే తిరిగి రాదు.

"అలాగే కానియ్ లూపే," అంది అత్త.

లొపేటి ముందుకొచ్చాడు. "కాదండీ, అసలు..."

అత్త అతని వైపు తిరిగింది. కళ్లతోనే ఆపేసింది. "ఏదీ, చెయ్యివ్వు నాయనా. మెట్లు దిగలేను," అని వేళ్లు వణికిస్తూ చెయ్యి చాపింది. లొపేటి పట్టుకున్నాడు. అతని గుప్పిట్లోకి రాగానే ఆ వేళ్లు నిలకడగా బిగుసుకున్నాయి. ఆడవాళ్లంతా జాలిగా చూస్తుండగా, నడవలేని మనిషిని నడిపిస్తున్నట్టు ఆవిడను ఒక్కో మెట్టే మెల్లగా దింపాడు.